కన్నోన్ తల్లి వీపు

కురితాని
1966 మార్చి 20

తమ్ముడు మినొరుకి,

కొండ మీద మంచు ఇంకా కరగలేదు గానీ వాగు మాత్రం అప్పుడే గోల మొదలుపెట్టింది. నువ్వూ, మరదలూ, పిల్లా కులాసా అనుకుంటాను. మేం ఉన్నాం. మీ బావ బొగ్గుల బట్టీ పొగకి దగ్గుతూనే ఉన్నాడు, అది ఏటా ఉండేదే.

ఎట్టకేలకు ఊరు ఒప్పుకుంది. రోజుల తరబడి కూచుని, ఉన్న బియ్యపు సారా అంతా తాగేసి, ఇంక తాగడానికేం లేదని తేలాక ఒప్పుకున్నారు. మన గుళ్లో కరుణ చూపే కన్నోన్ తల్లి కొయ్య పాదాలు పురుగు తొలిచేసిందని రాశాను కదా. ఈమధ్య తుడిచిన గుడ్డకి పిండిలా అంటుకొస్తోంది. ఇలాగే వదిలేస్తే తల్లి పీట మీద నిలబడలేక పడుకుంటుంది. "మా బావమరిది క్యోటోలో విగ్రహాలు బాగుచేసే చోటే పనిచేస్తున్నాడు, వాణ్ని కాదని ఇంకెవరికిస్తాం" అన్నాడు మీ బావ. "క్యోటో వెళ్లినవాళ్లు తిరిగొచ్చారా ఎప్పుడైనా? మన ఆడపిల్లలే రాలేదు, ఇంక దేవతేం వస్తుంది" అన్నాడు ఊరిపెద్ద గెన్‌బె. అందరూ నవ్వారు. "తోరాకిచి అనే నేను పూచీ" అని మీ బావ లేచి నిలబడేసరికి నవ్వులు ఆగాయి. ఆయన మాట నీకు తెలుసు. ఏడాదికి రెండు మాటలు మాట్లాడతాడు, రెండూ నిలబెట్టుకుంటాడు.

నిన్న కొండవతల గుడి పూజారి వచ్చి మంత్రాలు చదివి తల్లిలోంచి ప్రాణం తీశాడు. "ఇంక ఇది ఉత్త కొయ్య, భయం లేకుండా ఎత్తుకోండి" అన్నాడు. తీసిన ప్రాణం ఎక్కడ పెట్టావయ్యా అని అడిగింది కికు పిన్ని. పీట మీదే ఆగి ఉంటుందిట, తల్లి తిరిగొచ్చేదాకా. అందుకని తామరపూల పీట మా దగ్గరే ఉంచుకుంటున్నాం. వంతువారీగా రోజూ ఆ ఉత్త పీటకే అన్నం పెడతాం. "మా ఆయన పొరుగూరు వెళ్తే ఆయన తలగడకి నేనెప్పుడూ అన్నం పెట్టలేదు బాబూ" అంది పిన్ని, పూజారి ముందే.

నీకు చెప్పాల్సినవి రెండు. ఒకటి, రంగులూ బంగారాలూ వద్దు. ముఖం అరిగిపోయిందని కొత్త ముక్కు చెక్కకు. ఆ ముక్కు మన తాతల చేతులకి అరిగింది. రెండు, మొదటి మంచు పడేలోగా తల్లి ఇంటికి రావాలి. మనవాళ్లు పడకెక్కేది చలికాలంలోనే. తల్లి తలగడ దగ్గర నిలబడకుండా మన ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. అమ్మా నాన్నా అలాగే వెళ్లారు, నా పసిది కూడా అలాగే వెళ్లింది. ఆ వరస నా వంతులో తప్పకూడదు.

సోమవారం మీ బావే మోసుకొస్తాడు. వేడిగా ఏదైనా పెట్టు.

అక్క
హాత్సు

* * *

క్యోటో
1966 ఏప్రిల్ 12

అక్కకి,

ఇక్కడ చెర్రీ పూలు రాలడం కూడా అయిపోయింది. తాగినవాళ్ల పాటలు ఇంకా అయిపోలేదు.

తల్లి క్షేమంగా చేరింది. బావ కథ నీకు చెప్పి ఉండడు కనక నేను చెబుతాను. కట్టెలు మోసే చట్రానికి తల్లిని కట్టుకుని, పైన తన పత్తికోటు కప్పి, తను చొక్కాతో వణుక్కుంటూ దిగాడు. రైల్లో ఆవిడకి కూడా టికెట్ కొన్నాడట! "సామానుకి టికెట్ ఎందుకయ్యా" అని టికెట్ కలెక్టరు అంటే, "సామాను అని మీరే అన్నారు, నేననలేదు" అన్నాడట. పక్క సీట్లో కిటికీ వైపు నిలబెట్టి సరస్సు చూపించుకుంటూ తీసుకొచ్చాడు. ప్రాణం తీసేశారు కదా బావా, ఎవరికి చూపించావు అంటే తల గోక్కున్నాడు. దగ్గు మాత్రం బాగా పట్టింది. పొగ తగ్గించుకోమని చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. గుడ్డ విప్పగానే మా గురువుగారు చేతిలో టీ కప్పు కింద పెట్టేశారు. సుమారు వెయ్యేళ్ల నాటిది అంటున్నారు. ఒకే హినోకి చెట్టు దుంగలోంచి తీసిందట, ఎక్కడా అతుకు లేదు. మన చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ ఆవిడ వెనకే కదా నక్కేవాళ్లం! ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నా, ఇంతవరకూ ఎవరో చెక్కిన వేళ్లకి గోళ్లు అతికించడమే నా బతుకు. ఈ తల్లిని మొత్తంగా నాకప్పగించారు గురువుగారు. "మీ ఊరి విగ్రహం, నీ చేతి మీదే కానీ" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి మీ మరదలితో ఈ మాట రెండుసార్లు చెప్పాను.

ఒక్కటే సిగ్గుగా ఉంది. వీపు మీద, భుజాల కింద, దోసిలి పట్టేంత గుంట ఉంది. అది పురుగు పని కాదు, కత్తి పని. ఎవరు చేశారక్కా ఆ అఘాయిత్యం? పనిశాల కుర్రాళ్లంతా చుట్టూ చేరి చూస్తున్నారు, నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

తమ్ముడు
మినొరు

* * *

కురితాని
1966 జూన్ 19

తమ్ముడికి,

నాట్లు ఇప్పటికి అయ్యాయి. నడుము నాదో పొరుగువాళ్లదో తెలియకుండా ఉంది, అందుకే జవాబు ఆలస్యం.

నీ ఉత్తరం మీ బావ పైకి చదివి వినిపించాడు. నా ఉత్తరాలు పోస్టు చేసేదీ ఆయనే, నీవి వచ్చినప్పుడు చదివేదీ ఆయనే. టికెట్ సంగతి దగ్గరికొచ్చేసరికి రెండు వాక్యాలు మింగేశాడు. తర్వాత నేను చూసి నవ్వుకున్నాను.

గుంట ఎవరు చేశారని అడిగావు. క్యోటో నీళ్లు నీ బుర్రని బాగానే కడిగేశాయి. అది మందు గుంట. డాక్టరుకి కబురు పెట్టే దారి మంచులో మూసుకుపోతే, బిడ్డ ఒళ్లు జ్వరంతో పేలిపోతుంటే, ఏ తల్లైనా ఏం చేస్తుంది? వంటింటి కత్తి కడుక్కుని వెళ్లి, ఆవిడ వీపు మీంచి గోరంత చెక్క తీసుకుని, మరిగించి పట్టేది. ఇంటి ఇల్లాలే కొయ్యాలి, మగాళ్లు ముట్టకూడదు. వెనకనుంచే కొయ్యాలి, అడిగేటప్పుడు ఆవిడ ముఖం చూడకూడదు. తాగినవాళ్లకి ఎప్పటికీ చెప్పకూడదు, చెబితే మందు వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే ఎవరెవరు తాగి బతికారో ఊళ్లో ఎవరూ అనరు. ఇప్పుడు బస్సూ డాక్టరూ వచ్చాక ఎవరూ కొయ్యడం లేదు. అది అఘాయిత్యం కాదురా, ఆవిడ పెట్టింది, మేం తిన్నాం. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు.

గురువుగారు పెద్ద పని అప్పగించారంటే సంతోషమే. నాన్న ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు. కానీ నువ్వు పాదాలు మాత్రం బాగుచెయ్యి. అంతకు మించి ఎవరూ అడగలేదు.

మీ బావ ఈమధ్య బట్టీకి వెళ్లడం లేదు. వానలంటున్నాడు. వానలు ఏటా పడుతూనే ఉన్నాయి, ఏటా వెళ్తూనే ఉన్నాడు.

తల్లి ఎప్పుడు వస్తుందో రాయి.

హాత్సు

* * *

క్యోటో
1966 ఆగస్టు 23

అక్కకి,

ఎండలు మండిపోతున్నాయి. జిగురు ఆరకముందే చెమట పడుతోంది.

కూచుని చదువు, నుంచుంటే పడిపోతావు. టోక్యోనుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చారు. తల్లి చుట్టూ మోకాళ్ల మీద తిరిగి, బ్యాటరీ లైటు వేసి చూసి, చివరికి ఆయనే నమస్కారం పెట్టేశారు. పాత శిల్పాలతో టోక్యోలో పెద్ద ప్రదర్శన పెడుతున్నారు, అక్టోబరు మొదలు నవంబరు చివరిదాకా. అందులో నడి గదిలో మన తల్లి! కింద పలక మీద "కురితాని కన్నోన్" అని రాస్తారు. మన ఊరి పేరు మన తాలూకాలోనే సగం మందికి తెలియదు, ఇప్పుడు టోక్యో అంతా చదువుతుంది.

ఊరి అనుమతి కావాలంటే గెన్‌బెగారికి రాశాం. ప్రొఫెసరుగారే స్వయంగా కారులో వెళ్లి వివరించారు. గెన్‌బెగారు వెంటనే ముద్ర వేసిచ్చారు. నీకు ముందే రాయాల్సింది, హడావిడిలో కుదర్లేదు. కాబట్టి తల్లి రావడం డిసెంబరు అవుతుంది. మంచు కాస్త ముందు పడితే పడనీ, లారీలో తెస్తాం, ఎవరి వీపూ నొప్పెట్టక్కర్లేదు.

మందు గుంట సంగతి చదివాను. నాకూ లీలగా గుర్తుంది. కానీ అక్కా, ఇదంతా బయటివాళ్లకి చెప్పుకునే విషయమా? తమ దేవతని తామే కోసుకు తిన్నారని పేపరువాళ్లు రాస్తే?

బావకి దగ్గు మందు సీసా పంపుతున్నాను. పొద్దున, సాయంత్రం ఒక్కో చెంచా.

మినొరు

* * *

కురితాని
1966 సెప్టెంబరు 14

తమ్ముడికి,

వరి రంగు మారింది. పిచ్చుకలతో రోజూ యుద్ధమే.

గెన్‌బె కారు ఎక్కాడట. ప్రొఫెసరు కారులో ఊరి చివరిదాకా ఊరేగి, దిగి ముద్ర కొట్టాడు. క్యోటో వెళ్లినవి తిరిగి రావని వేళాకోళమాడినవాడే ఇప్పుడు టోక్యో టోక్యో అని కలవరిస్తున్నాడు. ఆయన ముద్ర ఊరిది కావచ్చు, తల్లిని నీ చేతికిచ్చింది మాత్రం మీ బావ. ఆయన్ని ఎవరూ అడగలేదు, నన్నూ అడగలేదు.

నాకు టోక్యో సంగతి అక్కర్లేదు. పంటల పండక్కి తల్లి ఇక్కడ ఉండాలి. ఉత్త పీటకి కొత్త బియ్యం పెట్టమంటావా? ప్రదర్శనకి ముందే ఒక్కసారి తీసుకురా. వచ్చి కొన్నాళ్లుంటే నువ్వే తర్వాత తీసుకెళ్దువు గాని. మీ బావ కూడా పొద్దున్నే లేచి తల్లి ఇంకా రాలేదా అంటున్నాడు.

మందు సీసా అందింది. తీపిగా ఉందన్నాడు.

హాత్సు

మినొరూ, కింద ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. మీ అక్క మాటలు మనసులో పెట్టుకోకు. తల్లిని అంతమంది చూస్తారంటే మంచిదే. నీ పనికి నలుగురిలో పేరొస్తుంది. నేను బాగానే ఉన్నాను. తొందరపడి తేవద్దు. తోరాకిచి.

* * *

కురితాని
1966 అక్టోబరు 7

మినొరుకి,

ఈ ఉత్తరం కికు పిన్ని వంటింట్లో కూచుని రాస్తున్నాను. పోస్టు చేసేది కూడా ఆవిడే. నువ్వు జవాబు రాస్తే పిన్ని పేరున రాయి, మా ఇంటికి రాయకు.

వేసవిలో మీ బావని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఆయన్ని చొక్కా తొడుక్కోమని, నన్ను బయటికి పిలిచాడు. ఊపిరితిత్తుల్లో పుండు, ఇంక కోసేదీ లేదు, కుట్టేదీ లేదన్నాడు. కొత్త సంవత్సరానికి దంచే మోచి తినేదాకా ఉండడమ్మా అన్నాడు. రోగికి చెప్పొద్దన్నాడు. అందరూ అలాగే చేస్తారు కదా, నేనూ చెప్పలేదు. జలుబు ముదిరిందని చెప్పి ఇంటికి తెచ్చాను. నా ఉత్తరాలన్నీ ఆయన చేతి మీదుగా పోతుంటే నీకు ఎలా రాయను? పండగా, కొత్త బియ్యమూ అని ఏవేవో రాశాను. నువ్వే గ్రహిస్తావనుకున్నాను. అంత దగ్గు చూసి పంపినవాడివి, ఒక్కసారి వచ్చి చూడాలనిపించలేదా నీకు?

ఇప్పుడు పడక దిగడం లేదు. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆ మనిషి నన్ను ఫలానాది వండమని కూడా అడగలేదు. ఇప్పుడు ఒకటే అడుగుతున్నాడు. పొద్దున్నే తల తిప్పి, తల్లి వచ్చిందా అంటాడు. ఇంకా రాలేదంటే, వస్తుందిలే, దూరం కదా అని మళ్లీ నాకే చెబుతాడు.

ఒక్క రోజుకి తీసుకురా. గుడ్డలో చుట్టి రైల్లో తీసుకురా, ఆయన తెచ్చినట్టే. తలగడ దగ్గర నిలబెట్టి, ఆయన చెయ్యి వేసి, మర్నాడే తీసుకెళ్లిపో. నీకంటే పెద్దదాన్ని, చిన్నప్పుడు నిన్ను వీపున కట్టుకుని పొలం పని చేసినదాన్ని. అయినా నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

హాత్సు

* * *

టోక్యో, బస నుంచి
1966 అక్టోబరు 19

అక్కకి (కికు పిన్ని గారి ద్వారా),

మీ మరదలు నీ ఉత్తరం ఇక్కడికి పంపింది. చదివాక ఆ పూట అన్నం సహించలేదు. బావ అంత మనిషి ఇలా అవుతాడని ఎలా అనుకుంటాను? బాగానే ఉన్నానని తన చేత్తోనే రాశాడు కదా.

అక్కా, తిట్టకుండా చివరిదాకా చదువు. నిన్న గురువుగారి దగ్గర కదిపి చూశాను. ఆయన మొహం చూసి సగంలో ఆపేశాను. ప్రదర్శన మొదలైంది. తల్లి అద్దాల పెట్టెలో ఉంది, పెట్టెకి సీలు ఉంది, సీలు మీద ఇద్దరు పెద్దల సంతకాలున్నాయి. రోజూ బారులు తీరి వస్తున్నారు. ఆవిడ ముందుకొచ్చేసరికి పిల్లలు కూడా అల్లరి మానేస్తున్నారు. ఇలాంటప్పుడు మా బావకి బాగాలేదు, నడి గది ఖాళీ చేయండి అని ఏ నోటితో అడగను? నాతో బాటు మా పనిశాల పేరు కూడా గంగలో కలుస్తుంది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారక్కా.

డాక్టర్లు ఎప్పుడూ దగ్గర గడువే చెబుతారు. బావది కొండగట్టి ఒళ్లు. డిసెంబరు ఎంతో దూరం లేదు. నవంబరు ఆఖరున పెట్టె తెరవగానే ముందు మన ఊరికే తెస్తాను, మాట.

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకు. పూజారి ప్రాణం తీసేశాడనీ, ఇది ఉత్త కొయ్య అనీ నువ్వే రాశావు. ఇప్పుడు బలవంతాన తెచ్చినా తలగడ దగ్గర నిలబెట్టేది కొయ్యనే కదా. కొయ్యతో బావకి ఏం ఒరుగుతుంది? బావని క్యోటో తీసుకురండి, పెద్ద ఆసుపత్రిలో చూపిస్తాను. నేను చేయగలిగింది అది.

నీకు కాస్త ఊరటగా ఉంటుందని ఇది కూడా చెబుతున్నాను. వీపు మీది గుంట పూడ్చేశాను. అదే వయసు హినోకి ముక్క కోసం పాత గుళ్ల దూలాలన్నీ వెతికి, గుంట వంపుకి సరిగ్గా చెక్కి, పోగు పోగు కలిపి కూర్చోబెట్టాను. గురువుగారే అతుకు ఎక్కడుందో పట్టుకోలేకపోయారు. నా జీవితంలో ఇంత బాగా ఏ పనీ చెయ్యలేదు. ఇంక మనవాళ్లని చూసి ఎవరూ నవ్వరు.

మినొరు

* * *

కురితాని
1966 నవంబరు 11

మినొరుకి,

మీ బావ మొన్న పొద్దున పోయాడు. ఇవాళ దహనం అయింది.

నీ ఉత్తరం వచ్చాక గుడికి వెళ్లి పీట తెచ్చాను. తల్లికి కప్పే ఎర్ర గుడ్డ దానికి చుట్టి తలగడ దగ్గర పెట్టాను. చూపు సరిగా ఆనడం లేదు కదా, తెలియదనుకున్నాను. ఇదుగో తల్లి వచ్చింది, మినొరు తెచ్చి పెట్టి వెళ్లాడు అన్నాను. చెయ్యి చాపి తడిమాడు. ఎక్కడా పాదాల్లేవు, మోకాళ్లు లేవు, చేతికి తామర రేకులే తగిలాయి. ఆవిడని కొండ దింపి రైలెక్కించిన మనిషి ఆయన. ఆవిడ బరువెంతో ఎత్తెంతో ఆయన వీపుకి తెలుసు. ఆఁ, వచ్చింది అన్నాడు. నా చెయ్యి తట్టి, బాగా చేశాడు మినొరు అన్నాడు.

నా మనసు నొచ్చుకోకూడదని చచ్చేముందు కూడా అబద్ధమాడి వెళ్లాడు. ఊళ్లో తల్లి లేకుండా పోయిన మొదటి మనిషి, తల్లికి పూచీ పడిన మనిషే.

నువ్వన్నది నిజమే. నీ దగ్గరున్నది ఉత్త కొయ్య. దాన్ని అద్దాల్లోనే ఉంచుకో.

హాత్సు

* * *

క్యోటో
1966 డిసెంబరు 2

అక్కకి,

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియక చాలా కాగితాలు చింపాను. బావ అంత్యక్రియలకి రాలేకపోయాను. టెలిగ్రాం వచ్చిన రోజే మంత్రిగారు ప్రదర్శన చూడ్డానికి వస్తున్నారు, పక్కన నుంచుని వివరించాల్సింది నేను. వెళ్తానంటే ఎవరూ కాదనేవారు కారేమో. ఆ మాట ఇప్పుడు అనుకుని ఏం లాభం? బావలాంటి మనిషి ఇంకొకరు లేరు. నన్ను మొదటిసారి క్యోటో రైలెక్కించింది ఆయనే, కాల్చిన చిలగడదుంప జేబులో పెట్టి. అది చల్లారేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

డిసెంబరు పన్నెండున లారీలో తల్లిని తెస్తున్నారు. ఆ రోజు నాకు ఇంకో గుడిలో పని, కదల్లేను. తాలూకా ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తాడు. తల్లి కళ్లు పూజారి తెరిపించి ప్రాణం పోస్తాడు, ఏర్పాట్లన్నీ చేయించాను. ఒక సంగతి నేనే ముందు చెప్పాలి. తల్లిని దేశ సంపదగా ప్రకటించబోతున్నారు. వసంతంలో మన ఊళ్లో కాంక్రీటు గది కడతారు, ఇనుప తలుపు పెడతారు, తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. ఇంక ఇళ్లకి తీసుకెళ్లడం, చేత్తో తడమడం కుదరవు. అది తల్లి మంచికే. కోపం చల్లారాక నువ్వే ఒప్పుకుంటావు.

బావ నలభై తొమ్మిదో రోజు కర్మకి తప్పకుండా వస్తాను. వచ్చి బావ ముందు తల వంచుతాను. అప్పుడు నువ్వు ఏమన్నా పడతాను. ఒక్కసారి తల్లి వీపు మీద చెయ్యి వేసి చూడక్కా. నేను పనికిమాలినవాణ్ని కాననైనా అనిపిస్తుంది.

మినొరు

* * *

కురితాని
1966 డిసెంబరు 16

మినొరుకి,

మంచు మొదలైంది. ఈ ఉత్తరంతో చిన్న పొట్లం కూడా వస్తుంది. ముందు ఉత్తరం చదివి తర్వాత పొట్లం విప్పు.

తల్లి వచ్చింది. లారీ లోంచి నలుగురు తెల్ల గ్లౌజులు తొడుక్కుని దింపారు. ఒక్క మనిషి వీపున వెళ్లిన ఆవిడ. గెన్‌బె కొత్త కోటు వేసుకొచ్చి, తోరాకిచి ఉండుంటే ఎంత సంతోషించేవాడో అని నా ముందు కళ్లొత్తుకున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడు. పూజారి ప్రాణం పోశాడు, అధికారి ఫొటోలు తీశాడు, అందరూ గెన్‌బె ఇంటికి తాగడానికి వెళ్లారు. ఈ నెల వంతు నాది, గుడి తాళంచెవి నా నడుముకే ఉంది. ఇనుప తలుపు వచ్చేది వసంతంలో కదా.

పాదాలు బాగున్నాయి. ముఖం ముట్టుకోలేదు, ఆ మాట నిలబెట్టుకున్నావు. నువ్వు చెప్పినట్టే వీపు మీద చెయ్యి వేశాను. నున్నగా ఉంది. గోటితో అంతా వెతికాను, అతుకు దొరకలేదు. నీ చెయ్యి గొప్పదిరా, అది కాదననెప్పుడూ. అంత గొప్ప చెయ్యి ఒక్క రోజు మీ బావ చేతిని పట్టుకోలేకపోయింది.

ఇంటికెళ్లి కత్తి తెచ్చాను. అమ్మ వంటింటి కత్తి, అరిగి సగమైంది గానీ ఇంకా తెగుతుంది. కడిగి తీసుకెళ్లాను. కికు పిన్ని గుమ్మంలో కూచుంది. "ఎవరన్నా వస్తే?" అంటే, "ముసలిదాన్ని, కాలు జారి అడ్డంగా పడతాను" అంది. తల్లి వెనక కూచుని, ఆవిడ ముఖం చూడకుండా, నువ్వు కూర్చోబెట్టిన ముక్క పెళ్లగించాను. మొండికేసింది. జిగురు అంత గట్టిగా పట్టించావు. సాయంత్రానికి ఊడొచ్చింది, చెక్కు చెదరకుండా. లోపల గుంట ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆఫీసువాళ్లు చూసి పోలీసుల్ని పిలుస్తారో, నీ గురువు నిన్ను వెళ్లగొడతాడో నాకు తెలియదు. వాళ్లు అడిగితే నేనే చేశానని చెబుతాను.

మీ బావ సెప్టెంబరులో రాసిన నాలుగు ముక్కలు నువ్వు అడ్డం పెట్టుకున్నావు. డాక్టరు చెప్పకపోయినా ఆయనకి అంతా తెలుసు. తెలిసే రాశాడు, నీ పేరు చెడకూడదని. ఆయన వద్దన్నాడు కనక నువ్వు తేలేదు. నేను కాళ్లు పట్టుకున్నా తేలేదు.

ఇప్పుడు గుంట సంగతి. అందులో అన్నిటికంటే పైన ఒక గాటు ఉంటుంది, మిగతావాటికి అడ్డంగా. పూడ్చేటప్పుడు నువ్వు చూసే ఉంటావు, చూసే దాని వంపుకి చెక్క చెక్కి ఉంటావు. అది అమ్మ కోసింది. నీకు నాలుగో ఏడు. గొంతు మూసుకుపోయి నీలంగా అయిపోయావు. మెడ లోతు మంచు. అమ్మ చెయ్యి వణికి కత్తి అడ్డంగా జారింది. కింద రాలిన గోరంత చెక్క నేనే దోసిట్లో పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. మూడో రోజున నువ్వు గంజి అడిగావు.

తాగినవాడికి చెప్పకూడదని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. చెబితే మందు వెనక్కి వెళ్లిపోతుందని భయం. ఇన్నేళ్లూ చెప్పలేదు. నువ్వు అఘాయిత్యం అన్నప్పుడూ చెప్పలేదు, సిగ్గుచేటన్నప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. నువ్వూ తాగావు, మినొరూ.

నలభై తొమ్మిదో రోజుకి రావద్దు. పొట్లంలో ఉన్నది నీ ముక్కే. ఒంట్లో బాగాలేనప్పుడు అది మరిగించుకుని తాగు.

హాత్సు